అవునో కాదో తేలని రిపోర్టు

మాన్‌హైమ్‌లో ఓ ఇండియన్ హోటల్లో తందూరీ పొయ్యి దగ్గర పనిచేసే కుర్రాడు. సొంతూరు గుంటూరు జిల్లా. పేరు రాయొద్దన్నాడు. పొద్దుట్నుంచి రాత్రిదాకా నాన్‌లు కాల్చడమే పని, తిండీ చాలావరకు అవే. రెండేళ్లుగా నీరసం. రెండో అంతస్తు ఎక్కేసరికి ఆయాసం. కడుపుబ్బరం సరేసరి. హిమోగ్లోబిన్ తొమ్మిది దగ్గరే ఆగిపోయింది. నెలల తరబడి ఐరన్ మాత్రలు మింగినా కదల్లేదు.

చివరికి డాక్టరు రక్తం తీసి ల్యాబుకు పంపారు. ఒక అంకె హద్దుకు కాస్త పైన వచ్చింది. పక్కనే ‘గ్రెంట్స్‌వెర్టిష్’ అని రాసి ఉంది. సరిగ్గా గీత మీద ఉందన్నమాట. కడుపులోకి గొట్టం వేసి చూసే పరీక్షకు రెండు నెలల తర్వాత తేదీ దొరికింది. ఈలోగా రూమ్మేటు ఊరుకుంటాడా? ‘నీకు గోధుమ పడట్లేదురా, మానెయ్’ అన్నాడు. మనవాడు నాన్, చపాతీ, బ్రెడ్డు అన్నీ మానేసి మూడు పూటలా అన్నమే తిన్నాడు. ఒళ్లు కాస్త తేలికపడినట్టూ అనిపించింది.

తీరా పరీక్షయ్యాక వచ్చిన కాగితంలో ఏముందంటే... పేగు లోపలి పొర బాగానే ఉంది, కాకపోతే తెల్లకణాలు కొంచెం ఎక్కువ కనిపించాయి, మార్ష్ 1, రోగి లక్షణాలతో కలిపి చూసుకోవాలి. ఒక డాక్టరు ‘ఏమీ లేదు’ అన్నారు. ఇంకొకరు ‘ఉండొచ్చు’ అన్నారు. ఊళ్లో అమ్మకు ఏం చెప్పాలో తెలియక ‘గ్యాసేలే అమ్మా’ అని ఫోను పెట్టేశాడు.

ఉందని తేలితే జీవితాంతం గోధుమ, బార్లీ, రై ధాన్యాలు ముట్టకూడదు. నాన్‌లు కాల్చి బతికే మనిషికి అది పొట్టకూటి ప్రశ్న. లేదని తేలితే ఆ రక్తహీనతకు కారణం ఇంకేదో లోపల దాక్కుని ఉన్నట్టు, దాన్ని వెతకాలి. ‘ఏమో’ అన్న మాట దగ్గర ఆగిపోతే రెంటికీ చెడ్డ రేవడి అవుతాం.

మనకు రాదనుకునే జబ్బు

ఈ జబ్బు పేరు సీలియాక్. జర్మన్లు ‘త్సోలియాకీ’ అంటారు. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు కడుపులోకి వెళ్లినప్పుడు, కొందరి ఒంట్లోని రక్షణ వ్యవస్థ పొరబడి సొంత చిన్నపేగు మీదే దాడి చేస్తుంది. పేగు లోపలి గోడకు సన్నని వేళ్లలాంటి చూషకాలు ఉంటాయని చిన్నప్పుడు సైన్సు పుస్తకంలో చదువుకున్నాం కదా. తిన్నదాన్ని పీల్చుకునేవి అవే. అవి అరిగి చదునైపోతే తిన్నా ఒంటికి పట్టదు. ఐరన్ తగ్గుతుంది, ఎముకలు పలచబడతాయి, బరువు తగ్గుతుంది. కొందరికి విరేచనాలుండవు, నీరసమొక్కటే. కొందరికి నోటిపూత, కొందరికి మోచేతుల మీద, మోకాళ్ల మీద దురద పొక్కులు.

‘సౌత్ ఇండియన్లకు ఇది రాదు’ అనే మాట మనవాళ్ల దగ్గరే కాదు, డాక్టర్ల నోటా వినిపిస్తుంది. అందులో సగమే నిజం. బీఎస్ రామకృష్ణ, గోవింద్ మఖారియా తదితర డాక్టర్లు దేశంలో మూడు చోట్ల 23,331 మంది పెద్దవాళ్లను పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించారు. ఉత్తరాన హర్యానా, ఈశాన్యాన అస్సాం, దక్షిణాన మన చిత్తూరు పక్కనే ఉన్న వెల్లూరు. ఈ జబ్బును పట్టిచ్చే యాంటీబాడీలు ఉత్తరాన 1.23 శాతం మందిలో కనిపిస్తే వెల్లూరు వైపు 0.10 శాతం మందిలోనే కనిపించాయి. పన్నెండో వంతు! అయితే ఈ జబ్బుకు తలుపు తెరిచే జన్యువులు మాత్రం ఉత్తరాన 38.1 శాతం మందిలో ఉంటే, దక్షిణాన 36.4 శాతం మందిలో ఉన్నాయి. దాదాపు సమానం.

మరి తేడా ఎక్కడొచ్చింది? కంచంలో. ఉత్తరాన మనిషి రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ తింటుంటే, వెల్లూరు వైపు 25 గ్రాములే.

ఇప్పుడు మన సంగతి చూసుకోండి. ఊళ్లో అన్నం, ఇడ్లీ, ఎప్పుడో ఓ పూట చపాతీ. ఇక్కడికొచ్చాక పొద్దున బ్రోట్‌షెన్, మధ్యాహ్నం శాండ్‌విచ్, రాత్రి వండే ఓపిక లేక ఫ్రోజెన్ పిజ్జా. గోధుమ పెరిగితే జబ్బు వచ్చి తీరుతుందని కాదు. జన్యువు ఉన్నవాళ్లలోనూ చాలామందికి జన్మలో రాదు. కానీ ‘మీరు దక్షిణాదివాళ్లు కదా’ అని ఎవరైనా కొట్టిపారేస్తే ఒప్పుకోనక్కర్లేదు. జర్మనీకి కూడా ఇది కొత్త కాదు. ఇక్కడి పిల్లల మీద జరిగిన పెద్ద సర్వేలో దాదాపు 0.9 శాతం మందిలో దీని జాడ కనిపించింది. వాళ్లలో ఎక్కువమందికి అప్పటిదాకా ఆ సంగతే తెలియదు.

పరీక్షనాటికి ఏం తింటున్నారు?

రిపోర్టు అటూ ఇటూ కాకుండా వచ్చినప్పుడు అన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే. చాలాసార్లు ఎవరూ అడగరు, మనమూ చెప్పం.

రక్తపరీక్షలో వెతికేది గ్లూటెన్‌ని కాదు. గ్లూటెన్ వచ్చినప్పుడు ఒళ్లు తయారుచేసే యాంటీబాడీలను వెతుకుతారు. వాటిలో ముఖ్యమైనది టీటీజీ ఐజీఏ. ఈ పరీక్షకు పునాది పడింది జర్మనీలోనే. 1997లో బెర్లిన్ ఫ్రీ యూనివర్సిటీలో వాల్‌బుర్గా డీటరిష్, డెట్లెఫ్ షుప్పాన్ బృందం, సీలియాక్ రోగుల యాంటీబాడీలు గురిపెట్టేది టిష్యూ ట్రాన్స్‌గ్లూటమినేజ్ అనే మన సొంత ఎంజైమ్ మీదేనని కనిపెట్టింది. ఆ తర్వాతే ఇది మామూలు ల్యాబుల్లోనూ చేయగల పరీక్ష అయింది.

గోధుమ మానేస్తే ఆ యాంటీబాడీలు వారాలు, నెలల్లో తగ్గిపోతాయి. పేగు కూడా నెమ్మదిగా కోలుకుంటుంది. మానేసిన రెండు నెలలకు పరీక్ష చేస్తే ‘ఏమీ లేదు’ అనో, ‘కొంచెం ఉంది’ అనో వస్తుంది. పొయ్యి ఆర్పేశాక పొగ ఎక్కడినుంచి వస్తోందని వెతికినట్టు! మన గుంటూరు కుర్రాడి విషయంలో జరిగింది సరిగ్గా ఇదే. రూమ్మేటు మంచికే చెప్పాడు పాపం, పరీక్ష మాత్రం పాడయింది.

కాబట్టి పరీక్షలన్నీ పూర్తయ్యేదాకా మామూలుగా తినేవి తింటూనే ఉండాలి. అనుమానం రాగానే గ్లూటెన్ మానేయడం, సగం సగం తినడం రెండూ తప్పే. డాక్టరుతో ‘ఇష్ ఎస్సె నోఖ్ గ్లుటేన్’, అంటే ‘నేనింకా గ్లూటెన్ తింటున్నాను’ అని చెప్పండి. మానేసి ఉంటే ఎన్నాళ్లయిందో తేదీతో సహా చెప్పండి. ఆ ఒక్క ముక్కతో రిపోర్టుకు అర్థమే మారిపోతుంది.

రెండో సంగతి మొత్తం ఐజీఏ. కాగితంలో ‘గెజాంట్ ఐజీఏ’ అని ఉందేమో చూడండి. కొందరి ఒంట్లో పుట్టుకతోనే ఐజీఏ రకం యాంటీబాడీలు తయారుకావు. సీలియాక్ ఉన్నవాళ్లలో ఇలాంటివాళ్లు నూటికి ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్లకు టీటీజీ ఐజీఏ ఎప్పుడు చేసినా సున్నాకు దగ్గరే వస్తుంది. జబ్బు లేక కాదు, కొలిచే వస్తువే లేక. అప్పుడు ఐజీజీ రకం పరీక్షలు చేయించాలి. మొత్తం ఐజీఏ చూడకుండా ‘టీటీజీ నార్మల్’ అన్న మాటను పూర్తిగా నమ్మలేం.

ఇక అంకె హద్దు దాటి కొంచెమే పైకి వెళ్తే? ల్యాబు ల్యాబుకూ కిట్టు వేరు, హద్దు వేరు. ఒకచోట వచ్చిన 12, ఇంకోచోట వచ్చిన 12 ఒకటి కాదు. హద్దుకు ఎన్ని రెట్లుందో చూడాలి. పది రెట్లు దాటితే అనుమానానికి పెద్దగా తావుండదు. పిల్లల్లో అయితే అంత ఎక్కువగా ఉండి, మరోసారి తీసిన రక్తంలో ఈఎంఏ అనే యాంటీబాడీ కూడా కనిపిస్తే పేగు ముక్క తీయకుండానే ఖాయం చేయవచ్చని యూరప్ పిల్లల డాక్టర్ల సంఘం 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. పెద్దవాళ్లకు మాత్రం జర్మనీలో పేగు ముక్క పరీక్ష మామూలుగా తప్పదు. ఒకటిన్నర రెట్లో రెండు రెట్లో ఉంటే తొందరపడకూడదు. లివర్ జబ్బులు, ఇతర ఆటోఇమ్యూన్ జబ్బులు, ఒక్కోసారి ఇన్ఫెక్షన్లు కూడా ఆ అంకెను తాత్కాలికంగా కొంచెం పెంచుతాయి. గోధుమ తింటూనే మళ్లీ చేయించి, ఈఎంఏ కూడా చూడమనాలి.

ఫార్మసీలో దొరికే సొంత పరీక్షలు, ‘మీకు పడని ఆహారాలు’ అంటూ వందల యూరోలు గుంజే ఐజీజీ జాబితాలు... వీటితో సీలియాక్ తేలదు. ఆ డబ్బుతో ఇంటికి ఫోను చేసుకోవడం నయం.

పేగు ముక్క చెప్పేది, చెప్పనిది

గొట్టం పరీక్షను ఇక్కడ ‘మాగెన్‌ష్పీగెలుంగ్’ అంటారు. చిన్నపేగు మొదటి భాగం నుంచి గోరు కొసంత ముక్కలు తీసి మైక్రోస్కోపులో చూస్తారు. ఆ భాగానికి జర్మన్‌లో పేరేమిటంటే పన్నెండు వేళ్ల పేగు. పన్నెండు వేళ్ల వెడల్పు పొడవుంటుందని పూర్వులు పెట్టిన పేరట. పేర్లు పెట్టడంలో వీళ్లూ మనలాంటివాళ్లే.

సీలియాక్ దెబ్బ పేగంతా సమానంగా పడదు. ఒకచోట చూషకాలు చదునై ఉంటే, పక్కనే బాగుంటాయి. అందుకే ఒకటి రెండు ముక్కలు చాలవు. జర్మన్ మార్గదర్శకాల ప్రకారం కనీసం ఆరు తీయాలి. పేగు మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే భాగం నుంచి కూడా తీయాలి. మీ రిపోర్టులో ఎన్ని ముక్కలు, ఎక్కడెక్కడివి అన్నది రాసి ఉంటుంది, చూడండి. ముక్కను అడ్డదిడ్డంగా కోసినా చూషకాలు ఉన్నదానికన్నా పొట్టిగా కనిపిస్తాయి. అనుమానముంటే అదే స్లైడును మరో పేథాలజిస్టుకు చూపించమని అడగొచ్చు. అందులో ఎవరినీ అవమానించినట్టు కాదు.

ముక్కలో కనిపించినదాన్ని మార్ష్ అంకెల్లో రాస్తారు. మైఖేల్ మార్ష్ అనే డాక్టరు 1992లో చేసిన వర్గీకరణ అది. 1999లో వియన్నా పేథాలజిస్టు ఓబర్‌హూబర్ దాన్ని సవరించారు. సున్నా అంటే మామూలు. 3 అంటే చూషకాలు దెబ్బతిన్నాయి. దానికి తోడు యాంటీబాడీలు కూడా ఉంటే జబ్బు ఖాయమే. తంటా అంతా మార్ష్ 1 దగ్గర. చూషకాలు బాగున్నా వాటిలో తెల్లకణాలు ఎక్కువున్నాయని దానర్థం. ఇది సీలియాక్ తొలిమెట్టు కావచ్చు, గోధుమ మానేసిన పేగు కోలుకుంటున్న దశ కావచ్చు, సీలియాక్‌తో ఏ సంబంధమూ లేకపోవచ్చు. కడుపులో ఉండే హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా మన దేశంలో చాలామందికి ఉంటుంది. అదీ ఇలా చేస్తుంది. నడుంనొప్పికని రోజూ మింగే ఐబూప్రొఫెన్ కూడా. గోదాముల్లో, వంటిళ్లలో నిలబడి పనిచేసేవాళ్లు ఆ మాత్రల సంగతి డాక్టరుకు చెప్పడమే మరిచిపోతారు. జియార్డియా లాంటి పరాన్నజీవులు సరేసరి. బీపీకి వాడే ఓల్మెసార్టాన్ అయితే అరుదుగా చూషకాలనే చదును చేసి, అచ్చం సీలియాక్‌లా కనిపిస్తుంది. ఈ సంగతి 2012లో అమెరికాలోని మేయో క్లినిక్ డాక్టర్లు బయటపెట్టారు.

మన ప్రాంతానికి సంబంధించి ఇంకోటి ఉంది. ట్రాపికల్ స్ప్రూ. 1960లలో వెల్లూరు చుట్టుపక్కల పల్లెల్లో ఇది అంటురోగంలా వ్యాపిస్తే సీఎంసీ ఆస్పత్రి డాక్టర్లు ఏళ్ల తరబడి పరిశోధించారు. పేగు ముక్కలో ఇది కూడా సీలియాక్‌ను పోలి ఉంటుంది. యాంటీబయాటిక్, ఫోలిక్ యాసిడ్, బీ12తో తగ్గుతుంది. జర్మన్ డాక్టరుకు ఇది వెంటనే తట్టకపోవచ్చు. ఈమధ్యే ఊరెళ్లి వచ్చినా, అక్కడుండగా విరేచనాలు పట్టుకున్నా మీరే ఆ మాట ఎత్తండి.

ఉబ్బరం ఒక్కటే ఉండి రక్తం బాగుంటే ముందు పాలను అనుమానించండి. దక్షిణ భారతీయుల్లో పెద్దయ్యాక పాలు అరగనివాళ్లు చాలామంది. ఇక్కడేమో క్వార్క్, చీజు, లాటే లేకుండా రోజు గడవదు. అయితే సీలియాక్‌తో పేగు దెబ్బతిన్నా పాలు అరగవు. కాబట్టి లాక్టోజ్ పరీక్ష పాజిటివ్ అని రాగానే అక్కడితో ఆగకూడదు.

జన్యు పరీక్ష ‘కాదు’ అని చెప్పడానికే

అన్నీ గజిబిజిగా ఉన్నప్పుడు హెచ్‌ఎల్‌ఏ డీక్యూ2, డీక్యూ8 పరీక్ష పనికొస్తుంది. రెండూ లేవంటే సీలియాక్ దాదాపు లేనట్టే. ఉన్నాయంటే? ఏమీ తేలనట్టే! వెల్లూరు లెక్క గుర్తుంది కదా, మూడో వంతుకు పైగా జనంలో అవి ఉంటాయి. ‘జీన్ పాజిటివ్’ అని చూసి బెంబేలెత్తి ఇంటికి ఫోన్లు చేయొద్దు. ఈ పరీక్ష జన్మకొక్కసారి చాలు, గోధుమ మానేసినా ఫలితం మారదు. జర్మనీలో జన్యు పరీక్షకు రాతపూర్వక అనుమతి చట్టప్రకారం తప్పనిసరి కాబట్టి ముందు సంతకం తీసుకుంటారు.

మళ్లీ తినమంటే భయపడొద్దు

ముందే మానేసినవాళ్లను డాక్టరు కొన్ని వారాలపాటు మళ్లీ గోధుమ తినమంటారు. ఎంత, ఎన్నాళ్లు అన్నది వాళ్లే చెప్పాలి. రోజుకు రెండు మూడు బ్రెడ్డు ముక్కలో చపాతీలో, ఆరు నుంచి ఎనిమిది వారాలు అన్నది తరచూ వినిపించే లెక్క. కష్టమే. ఉబ్బరం, నీరసం మళ్లీ రావచ్చు. గోధుమ తిన్న వెంటనే దద్దుర్లు, ఊపిరాడకపోవడం ఉంటే అది అలర్జీ. దాని దారి వేరు, ఈ ప్రయోగం ప్రమాదం. గర్భిణులు, పిల్లలు డాక్టరును అడగకుండా ఇలాంటివి మొదలెట్టకూడదు.

స్పెషలిస్టు తేదీ నెలల తర్వాత అంటే 116117కు ఫోను చేయండి. మీ డాక్టరు రాసిన యూబర్‌వైజుంగ్ చీటీ మీద అత్యవసర కోడ్ ఉంటే నాలుగు వారాల్లోపు ఎక్కడో ఒకచోట తేదీ చూసిపెడతారు. గొట్టం పరీక్షలో మత్తు ఇస్తే ఆ రోజు బండి నడపకూడదు, ఇంటికి తీసుకెళ్లడానికి మనిషి ఉండాలి. షిఫ్టు ముందే మార్చుకోండి. దుబాసీ ఖర్చు సాధారణంగా బీమా భరించదు. జర్మన్ బాగా వచ్చిన స్నేహితుణ్ని వెంటబెట్టుకెళ్లండి. ల్యాబు అంకెలు, పేథాలజీ కాగితం, గొట్టం పరీక్ష రిపోర్టు, అన్నిటికీ నకళ్లు అడగండి. మొదటి నకలు ఉచితంగా ఇవ్వాలని యూరప్ న్యాయస్థానం 2023లో ఓ జర్మన్ కేసులోనే చెప్పింది. కాగితాలన్నీ ఒక ఫైల్లో ఉంటే డాక్టరు మారినా కథ మొదటికి రాదు.

ఇన్ని చేసినా కొందరికి తేలదు. యాంటీబాడీలు ఉండి పేగు బాగుంటే ‘పొటెన్షియల్ సీలియాక్’ అంటారు. అలాంటివాళ్లలో కొందరికి తర్వాత జబ్బు ముదురుతుంది, కొందరికి యాంటీబాడీలే మాయమవుతాయి. లక్షణాలు లేకపోతే గోధుమ తింటూనే డాక్టరు చెప్పిన గడువుకు మళ్లీ పరీక్ష చేయించుకోవడమూ ఒక దారే. ఉంటే ఏంచేయాలో డాక్టరూ మీరూ కూర్చుని మాట్లాడుకోవాలి.

మన కుర్రాడి సంగతికొస్తే, రెండో డాక్టరు మొత్తం కథ విని ‘మళ్లీ నాన్ తిను’ అన్నారు. ఎనిమిది వారాలు తిన్నాడు. టీటీజీ హద్దుకు ఆరు రెట్లు దాటింది. ఈసారి ఆరు ముక్కలు తీశారు, మార్ష్ 3. అంటే ఉన్నట్టే. ‘ఏడ్చానన్నా, కానీ ఆ రాత్రి నిద్రపట్టింది’ అన్నాడు ఫోన్లో.

యజమాని మంచివాడు, పిండి గాల్లో లేచే తందూరీ దగ్గర్నుంచి తీసి బిర్యానీ, కూరల వైపు వేశాడు. 1974 నుంచి పనిచేస్తున్న జర్మన్ సీలియాక్ సంఘం స్టుట్‌గార్ట్‌లో ఉంది. దాని ఆహార జాబితాలు జర్మన్‌లో ఉన్నా పక్కింటావిడ చదివి చెబుతోందట. గ్లూటెన్‌ఫ్రై బ్రెడ్డు ధర చూసి దణ్ణం పెట్టేశాడు. అన్నం, పప్పు, పెసరట్టు, జొన్నరొట్టె ఉండగా అదెందుకు? జొన్న, సజ్జ, రాగుల్లో గ్లూటెన్ ఉండదు. అయితే గోధుమ ఆడిన మరలోనే ఆడించిన పిండి వద్దు, ప్యాకెట్ మీద గ్లూటెన్‌ఫ్రై అని ఉన్నదే కొనాలి. రూమ్మేటు చపాతీలు కాల్చే పెనం మీద దోసె పోయకూడదు. బీరు, డింకెల్ బ్రెడ్డు, గుళ్లో రవ్వకేసరి ప్రసాదం, అన్నీ బంద్.

ఈమధ్య మళ్లీ ఫోను చేశాడు. నాలుగు నెలల్లో హిమోగ్లోబిన్ పదకొండున్నరకు వచ్చిందట. కానీ టీటీజీ దిగుతూ దిగుతూ ఒకచోట ఆగిపోయిందని గాభరా. ఏం తింటున్నావో వరసగా చెప్పమన్నాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ‘పప్పులో పోపు?’ అన్నాను. ‘అమ్మ పంపిన ఇంగువ’ అన్నాడు. డబ్బా తిప్పి చదవమన్నాను. బజార్లో దొరికే ఇంగువ పొడిలో చాలావరకు గోధుమపిండి కలుపుతారు. కాసేపు అవతలినుంచి మాట లేదు. తర్వాత నవ్వాడు. ‘అమ్మకు చెప్పాలంటే ఇప్పుడు జబ్బు సంగతంతా చెప్పాలి కదన్నా’ అన్నాడు. ఆ ఆదివారమే చెప్పాడట. ఆవిడ ఏడవలేదు, బియ్యప్పిండి కలిపిన ఇంగువ ఎక్కడ దొరుకుతుందని అడిగింది.